మందు ఆపితేనే తెలిసే జబ్బు

నా కడుపు గురించి నాకు రూఢిగా తెలిసినవి మూడు విషయాలే. 2011లో నా చిన్నపేగు మొదట్లో ఒక పుండు ఉండేది. డాక్టరు గొట్టం కెమెరాతో చూసి, దాని ఫొటో నాకూ చూపించారు. ఆ పుండు నుంచి రక్తం కారింది. ఆ తర్వాత చాలా కాలానికి, నా కడుపులో ఒక బాక్టీరియా కాపురం ఉంటోందని శ్వాస పరీక్షలో తేలింది. ఇవి తప్ప ఈ ఐదేళ్లలో నేను విన్నదంతా వినికిడే. పచ్చిమిర్చి తొక్కు వల్ల వచ్చిందని మా అమ్మ, వేళకు తినకపోవడం వల్లేనని నా భార్య రాధ, టెన్షన్ అని ఆఫీసువాళ్లు, కొత్త బోరు నీళ్లని వీధివాళ్లు, దిష్టి అని పాలు పోసే ఆమె. ఎవరి దగ్గరా ఆధారం లేదు. ఎవరి గొంతులోనూ అనుమానం లేదు. అందరికీ తలూపి తలూపి విసిగిపోయాను. కడుపు ఇప్పుడు కాస్త నెమ్మదించింది కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇదే మంటతో ఏదో ఒక ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నవారికి పనికొస్తే మంచిదే.

నేను మేడ్చల్‌లోని ఒక మందుల కంపెనీలో, నాణ్యత పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. ఇల్లు లాల్‌గడి మలక్‌పేట్‌లో. మా వైపు ఊళ్లలో చాలా ఇళ్ల నుంచి ఎవరో ఒకరు మందుల కంపెనీకి వెళ్తుంటారు. అందువల్ల ఇంటికొక వైద్యుడు ఉన్నట్టే లెక్క. బాయిలర్ దగ్గర నిలబడేవాడు బీపీకి మందు చెబుతాడు, గోదాములో డబ్బాలు మోసేవాడు షుగరుకు చెబుతాడు. "మా కంపెనీదే" అన్న మాట రుజువుగా చెల్లుతుంది. రాధ తమ్ముడు శంకర్ ఇంకో కంపెనీలో ప్యాకింగ్ మెషిన్ మీద ఉంటాడు. ఆ మెషిన్ నుంచి వచ్చేవి కడుపులో ఆమ్లాన్ని తగ్గించే క్యాప్సూళ్లు. మా వైపు వాటి పేరు గ్యాస్ గోలీలు.

2009, వానాకాలం

ఇంటికీ కంపెనీకీ మధ్య గుంతల రోడ్డు మీద బండి నడిపి నడిపి నా నడుము పట్టేసింది. ఊళ్లో క్లినిక్ పెట్టుకున్న ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లాను. ఆయన సూది వేసి, రెండు రకాల మాత్రలు కాగితంలో చుట్టి ఇచ్చాడు.

"ఇది నొప్పికి. పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి. పొట్టల మంట లేవకుంట గీ గ్యాస్ గోలీ."

"ఎన్ని రోజులు వాడాలె?"

"నొప్పి ఉన్నన్ని దినాలు."

"గ్యాస్ గోలీ ఏసుకుంటె నొప్పి గోలీ పొట్టకు ఏం జెయ్యదని ఎట్ల జెప్తరు?"

ఆయన సూది పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "అన్నా, నువ్వు కంపెనీల జేస్తవా?"

"అవును."

"గందుకే," అన్నాడు. తర్వాతి పేషెంటును పిలిచాడు.

నా ప్రశ్నకు అదే జవాబు. నడుము నొప్పి వచ్చినప్పుడల్లా ఆ పొట్లం తెచ్చుకోవడం ఆ ఏడాది అలవాటైంది. మా వైపు అందరి అలవాటూ అదే. గ్యాస్ గోలీ పక్కన ఉంటే ఏ మాత్రనైనా నిశ్చింతగా మింగవచ్చని, అది ఒక అనుమతి పత్రమని, అందరి నమ్మకం.

2010

మంట మొదలైంది. ఖాళీ కడుపున, రొమ్ము ఎముక కింద ఒకేచోట, ఎవరో బొటనవేలితో అదిమి పట్టినట్టు. ఏదైనా తింటే తగ్గుతుంది, కాసేపటికి మళ్లీ వస్తుంది. ఆఫీసులో టిఫిన్ డబ్బా మూత ఎన్నిసార్లు తీశానో చెప్పలేను. ఒకరు గులాబీ రంగు సిరప్ ఇచ్చారు. ఒకరు చవకైన పాత గ్యాస్ గోలీ ఇచ్చారు. శంకర్ తన మెషిన్ మీద ప్యాక్ అయ్యే క్యాప్సూల్ రకాన్ని సిఫారసు చేశాడు. "అన్నీ గ్యాస్ గోలీలే, బావా. ఏదైతేంది?" అన్నాడు. నాకు మొదట ఒళ్లు మండింది ఆ మాటకే. ఒక్క పేరు కింద మూడు వేర్వేరు పనులు చేసే మందులు ఉన్నాయి.

మా వైపు మనుషులకు బోరు మోటారు చెబితే అర్థమవుతుంది, అదే చెబుతాను. కడుపు గోడలో ఆమ్లాన్ని తోడిపోసే అతి చిన్న మోటార్లు ఉంటాయి. వాటిని ఆన్ చేసే స్విచ్చులు మూడు అనుకుందాం. గులాబీ రంగు సిరప్ మోటారు జోలికి పోదు. అప్పటికే పారిన ఆమ్లాన్ని విరిచేస్తుంది, అంతే. పాత గ్యాస్ గోలీ మూడు స్విచ్చుల్లో ఒకదాన్ని కట్టేస్తుంది. మిగతా రెండూ పనిచేస్తూనే ఉంటాయి. క్యాప్సూల్ ఏకంగా మోటారునే పట్టేస్తుంది. పట్టేసిన మోటారు ఇక తిరగదు. శరీరం కొత్తది బిగించుకోవాలి. కానీ నడిచే మోటారును మాత్రమే అది పట్టుకోగలదు, మోటార్లు బాగా నడిచేది తిండి పడ్డప్పుడు. కాబట్టి తిండికి అరగంట ముందు మింగాలి. పడుకోబోయే ముందు, గుర్తొచ్చినప్పుడు మింగితే దాని బలం చాలావరకు వృథా. చివరికి నేను క్యాప్సూల్‌కే అలవాటుపడ్డాను, కానీ ఈ మాట నాకు ఏ దుకాణంలోనూ ఎవరూ చెప్పలేదు.

అసలు సంగతి ఇంకోటి ఉంది. మూడు మందులూ చేసేది ఆమ్లాన్ని తగ్గించడమే. పుండు ఎందుకు పడిందో వాటికి పట్టదు. నొప్పి మాత్రలు కడుపు లోపలి గోడను కాపాడే జిగురు పొరను పలుచన చేస్తాయి. ఆమ్లం తగ్గితే ఆ గోడకు కొంత వెసులుబాటు దొరుకుతుంది. ప్రమాదం తగ్గుతుంది, పోదు. పుండు బాక్టీరియా వల్ల పడితే, ఆమ్లం తగ్గినంతకాలం అది మానుతుంది. క్యాప్సూల్ ఆపితే చాలామందిలో మళ్లీ లేస్తుంది, ఎందుకంటే పుండు చేసినది లోపలే క్షేమంగా ఉంది. అందరి మంటా ఒకలాగే ఉంటుంది. అందరికీ క్యాప్సూల్‌తో తగ్గుతుంది. కాబట్టి తగ్గడం దేనికీ రుజువు కాదు. ఈ ఒక్క వాక్యం అర్థం చేయించలేక నేను మూడేళ్లు అరిచాను.

2011, బస్సులు నడవని సమ్మె రోజులు

విరేచనం తారులా నల్లగా వచ్చింది. దాని అర్థం నాకు తెలుసు. తెలిసినా, మొన్న మింగిన ఐరన్ మాత్ర అయి ఉంటుందని ఒక పూట నాకు నేనే చెప్పుకుని ఆఫీసుకు వెళ్లాను. ల్యాబులో బల్ల పట్టుకుని నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే జారిపోయాను. తోటి ఉద్యోగి ఒకరు తన కారులో కొంపల్లి దాటి ఒక పెద్ద ఆసుపత్రికి చేర్చాడు.

అక్కడి హాలు కిక్కిరిసి ఉంది. పేరు పిలిచేదాకా ఆగమన్నారు. నాకు కూర్చునే చోటు లేదు. గోడకు ఆనుకుని ఉంటే, శామీర్‌పేట నుంచి భర్తను తీసుకొచ్చిన ఒక ముస్లిం స్త్రీ లేచి నిలబడింది.

"జర ఇటు కూసో భయ్యా. మొఖం తెల్లగ అయింది నీది."

"పర్వాలేదమ్మా, మీరు కూర్చోండి."

"అరే, జిద్ ఏంది? పడిపోతె నిన్ను లేపనీకె మళ్ల నలుగురు గావాలె." నన్ను కూర్చోబెట్టి, కౌంటర్ దగ్గరికి వెళ్లి పెద్ద గొంతుతో గొడవ పెట్టుకుంది. తన భర్త కోసం కాదు, నా కోసం. ఆమె పేరు నేను అడగలేదు. ఈ ఐదేళ్లలో నాకు మేలు చేసి, దానితోపాటు సలహా ఇవ్వని మనిషి ఆమె ఒక్కతే.

పుండు దొరికింది. రక్తం ఆపారు. గోడ నుంచి చిన్న ముక్క తీసి, పసుపు రంగు జెల్‌లో పెట్టారు. బాక్టీరియా ఉంటే అది గులాబీ రంగుకు మారాలి, మారలేదు. "బాక్టీరియా లేదు. నొప్పి మాత్రల పనే ఇది. అవి మానేసి క్యాప్సూల్ వాడండి," అని అక్కడి యువ డాక్టరు ఇంటికి పంపారు. గుమ్మం దగ్గర ఆగి ఇంకో మాట అన్నారు: "మళ్లీ రక్తం కారితే ఈసారిలాగే తేలిపోతుందని నేను చెప్పలేను."

ఆ మాట రాధ కూడా విన్నది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరూ నన్ను గట్టిగా పిలవలేదు. నేను స్నానాల గది నుంచి వచ్చేదాకా అమ్మ బయటే ఏదో పని కల్పించుకుని తచ్చాడేది.

2012

నొప్పి మాత్రలు మానేశాను. నడుము నొప్పిని వేడి నీళ్ల సంచికి, ఓర్పుకు అప్పగించాను. కానీ క్యాప్సూల్ ఆపితే చాలు, మళ్లీ మంట. ఇంతకాలం వాడిన ఆ మందును ఆపితే కొన్నాళ్లు ఆమ్లం ఎగదన్నుతుంది, అది కావచ్చు. పుండు కావచ్చు. రెండింటినీ మంట చూసి వేరు చేయలేం. అప్పుడే ఈ జబ్బు గురించి చదువుతుంటే ఒక విషయం నా కంట పడింది: క్యాప్సూల్ వాడుతున్నప్పుడు బాక్టీరియా పలుచబడి లోలోపలికి తగ్గుతుంది, పరీక్షకు దొరకకపోవచ్చు. పుండు నుంచి రక్తం కారేటప్పుడు కూడా ఆ పరీక్ష తప్పు చెప్పవచ్చు. 2011లో ముక్క తీసిన రోజు నేను క్యాప్సూల్ వాడుతూనే ఉన్నాను, రక్తమూ కారుతోంది. అంటే "లేదు" అన్న ఆ ఫలితానికి విలువ లేదు.

మేడ్చల్‌లో కాస్త పెద్ద వయసు డాక్టరమ్మ ఒకరు ఈ మాట ఒప్పుకున్నారు. "రెండు వారాలు క్యాప్సూల్ పూర్తిగా ఆపాలి. మంటకు గులాబీ సిరప్ తాగండి, వేరే ఏదీ వద్దు. ఆ తర్వాత శ్వాస పరీక్ష. ఈ లోపల నల్లగా కనిపిస్తే పరీక్ష సంగతి మర్చిపోయి వెంటనే రండి."

ఇంట్లో చెప్పాను. పిడుగు పడ్డట్టయింది.

"రోగం ఉందా లేదా జూడనీకె మందు బంద్ జేస్తరా?" కూరగాయలు తరుగుతున్న అమ్మ పీట మీంచి లేచింది. "ఇంట్ల ఎలుకలున్నయని ఇల్లు కాలవెట్టుకున్నట్టున్నది!"

"అమ్మా, మందు ఉంటె అది దాసుకుంటది. బంద్ జేస్తె బయటికొస్తది."

"బయటికొచ్చి ఏం జేస్తది? మళ్ల నిన్ను గరుస్తది."

రాధ నెమ్మదిగా అంది: "డాక్టర్ ఏమన్నడో నేనూ విన్న. మళ్ల రక్తం కారితే ఎట్ల?"

ఆమె ప్రశ్న న్యాయమైనది. అపాయం నిజంగానే ఉంది. కానీ బాక్టీరియా ఉండి, అది లేదనుకుని బతకడంలో ఉన్న అపాయం ఇంకా పెద్దది. దానికి గడువు లేదు. ఈ తూకం నేను వాళ్లకు చాలాసార్లు వివరించాను. శంకర్ కూడా వచ్చి విన్నాడు. విని, "బావా, మస్తు సదివినవు గని, ఇంగితం తక్కువున్నది నీకు," అని వెళ్లిపోయాడు.

అయినా క్యాప్సూల్ ఆపేశాను. మొదటి రోజులు నరకం. సిరప్ మంటను ఆర్పేది. నేను సీసా మూత పెట్టేలోగా మళ్లీ రాజుకునేది. అయితే రెండో వారం మొదలయ్యేసరికి మంట తగ్గింది. నేను ఆశ్చర్యపోయాను. ఎగదన్నిన ఆమ్లం సర్దుకుందని, బహుశా పుండు పూర్తిగా మానిందని, బాక్టీరియా కూడా లేదేమోనని అనుకున్నాను. రోజూ పొద్దున అమ్మ చల్లారిన సగ్గుబియ్యం జావ గిన్నె నిండా తెచ్చేది. "సల్లగుంటది బిడ్డా, తాగు." తాగేవాణ్ణి.

పరీక్షకు ఇక ఎక్కువ రోజులు లేవు. ఆ పొద్దున జావలో ఏదో పంటికి తగిలింది. ఉడికిన సగ్గుబియ్యం మెత్తగా, పారదర్శకంగా ఉంటుంది. ఇది గట్టిగా, తెల్లగా, ఆవగింజంత గుండ్రంగా ఉంది. గిన్నె అడుగున గరిట తిప్పితే అలాంటివే ఇంకొన్ని దొరికాయి. వాటిని రోజూ చూసి, తూచి, కరిగించి జీతం తీసుకునేవాణ్ణి నేను. అయినా చూసినంత మాత్రాన చెప్పకూడదు కదా. కడిగి, కొన్నింటిని నిమ్మరసంలో, కొన్నింటిని తినే సోడా కలిపిన నీళ్లలో వేసి, వంటింటి అరుగు మీద పెట్టాను. కడుపు ఆమ్లంలో పాడు కాకుండా, దాటి పేగులోకి వెళ్లాక కరిగేలా ఆ గింజలకు పూత ఉంటుంది. నిమ్మరసంలోవి అలాగే ఉన్నాయి. సోడా నీళ్లలోవి మెల్లగా విచ్చుకుని కరిగిపోయాయి.

అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"అమ్మా, గివి ఎక్కడివి?"

"ఏంటివి?"

"గ్యాస్ గోలీ ఇప్పి జావల గలిపినవ్."

అమ్మ తప్పించుకోలేదు. "గలిపిన. అయితేంది? నీ మంట తగ్గిందా లేదా?"

"ఎవరిచ్చిండ్రు?"

"శంకర్ దెచ్చిండు. గోలీ అట్లనే ఇస్తె నువ్వు మింగవని, ఇప్పి గింజలు గలుపుమన్నడు. వేడి మీద వద్దు, సల్లారినంక గలుపుమని గూడ అన్నడు. నేను మంచిగనే సల్లార్చిన."

"నీకు దెలుసా?" అని రాధను అడిగాను. ఆమె బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. అంతే చాలు.

నేను అరిచాను. మొదటిసారి పరీక్షను చెడగొట్టింది క్యాప్సూలేనని, రెండోసారీ అదే చెడగొట్టబోయిందని, ఫలితం "లేదు" అని వస్తే జీవితమంతా నమ్మేవాణ్ణని, ఇప్పుడు మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాలని అరిచాను. నా వాదనలో తప్పు లేదు. అమ్మ అంతా విన్నది.

"నీ పరీచ్చ నెగ్గితే నాకేంది, ఓడితే నాకేంది?" అంది. "నల్లగొచ్చిందని ఆ దినం నువ్వు ఎవ్వలికి జెప్పకుంట డ్యూటీకి పోయినవ్. కంపెనీ నుంచి ఫోనొస్తె నేనే లేపిన. మీ కొడుకు పడిపోయిండన్నడు. ఇంకేమనలే, పెట్టేసిండు. నువ్వు బతికి ఉన్నవని మళ్ల నాకు మాపటికి దెలిసింది."

నేను జావ గిన్నె కడిగి బోర్లించాను.

ఆ సాయంత్రం రాధ వచ్చి ఒక షరతు పెట్టింది: రెండు వారాలు మళ్లీ మొదలుపెట్టడానికి వాళ్లు ఒప్పుకుంటారు, కానీ ప్రతి పూటా విరేచనం రంగు ఆమెకు చెప్పాలి, దాచకూడదు. సిగ్గుతో చచ్చినంత పనైంది. ఒప్పుకున్నాను. శంకర్ మాత్రం క్షమాపణ చెప్పలేదు. "పాపం అత్తమ్మ ఏడుస్తాందని ఇచ్చిన బావా. కానీ పూత సంగతి జెప్పిన గదా, వేడిల గలుపొద్దని?" అన్నాడు. ఆ ఒక్క విషయంలో అతను చెప్పింది నిజం. అందుకే ఇంకా కోపం వచ్చింది.

2013

ఈసారి రెండు వారాలూ మంట తగ్గనే లేదు. నల్లగా మాత్రం రాలేదు. మందు కలిపిన నీళ్లు తాగించి, సంచిలోకి ఊదించారు. ఫలితం వచ్చింది: బాక్టీరియా ఉంది.

నాకు కలిగింది సంతోషమని రాయడానికి మొహమాటంగా ఉంది, కానీ అదే కలిగింది. రెండు యాంటీబయోటిక్‌లు, వాటితోపాటు అదే క్యాప్సూల్, రెండు వారాలు ఇచ్చారు. ఇక్కడ క్యాప్సూల్ పని వేరు: అది బాక్టీరియాను చంపదు, ఆమ్లాన్ని తగ్గించి, చంపే మందులు బాగా పనిచేసేలా చేస్తుంది. అన్నిరోజులూ నోట్లో రాగి నాణెం పెట్టుకున్నట్టు చేదు. పప్పూ చేదే, నీళ్లూ చేదే. మధ్యలో ఆపేవారు చాలామంది ఉంటారట. వాళ్లను తప్పుపట్టను. కానీ సగంలో ఆపితే బాక్టీరియా ఆ మందులకు అలవాటుపడి, తర్వాత లొంగకపోవచ్చు.

కోర్సు అయ్యాక కొన్నాళ్లు క్యాప్సూల్ ఒక్కటే వాడి, బాక్టీరియా పోయిందో లేదో చూడటానికి మళ్లీ క్యాప్సూల్ ఆపాలి, మళ్లీ పరీక్ష. ఈసారి ఇంట్లో ఉన్న క్యాప్సూళ్లన్నీ అమ్మ తన ఇనప పెట్టెలో వేసి తాళం పెట్టింది. శంకర్ చూడటానికి వస్తే గుమ్మంలోనే ఆపి, "జేబులు జూపెట్టు," అంది. వాడు నిజంగానే చూపించాడు.

బాక్టీరియా పోయింది.

2014

ఇప్పుడు ఏ మందూ లేదు. ఖాళీ కడుపుతో ఆఫీసుకు వెళ్లగలుగుతున్నాను. తొక్కు తింటున్నాను, ఏమీ కాలేదు, అయితే ఒక్క మనిషి కడుపు ఏ సిద్ధాంతానికీ చాలదు. మంటకు నెలల తరబడి గ్యాస్ గోలీ కొనుక్కుంటున్నవారికి నేను చెప్పగలిగింది ఇంతే: తగ్గిందా అని మాత్రమే కాదు, ఎందుకు వచ్చిందని కూడా అడగండి. నల్లటి విరేచనాన్ని ఐరన్ మాత్ర మీదికి తోయకండి. మీ అంతట మీరు మందు ఆపకండి, నేను ఆపింది డాక్టరు కనిపెట్టుకుని ఉండగా. పరీక్షకు ముందు ఏ మందు ఎన్నాళ్లు ఆపాలో అడిగి తెలుసుకోండి, మీ జావ ఎవరు కాస్తున్నారో కూడా తెలుసుకోండి.

ఒక ప్రశ్న మిగిలి ఉంది. 2011లో రక్తం కారింది నొప్పి మాత్రల వల్లనా, బాక్టీరియా వల్లనా, రెండూ కలిసి చేశాయా? అప్పుడు రెండూ నాలో ఉండి ఉంటాయి, ఇప్పుడు రెండూ లేవు. బాక్టీరియా ఉన్నవాళ్లలో చాలామందికి పుండే పడదు. నొప్పి మాత్రలు మింగేవాళ్లలోనూ అంతే. ఒకదాన్ని ఒంటరిగా చూసే అవకాశం నాకు ఎన్నడూ దొరకలేదు. చివరిసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మను ఇదే అడిగాను. అమ్మ నా పక్కనే కూర్చుని ఉంది.

"తెలియాలంటే ఒకటే దారి," అన్నారామె, కాగితాలు సర్దుతూ. "బాక్టీరియా ఎలాగూ పోయింది కదా. ఇప్పుడు నొప్పి మాత్రలు ఒక్కటే కొన్నాళ్లు వాడి చూడాలి."

అమ్మ కుర్చీలోంచి లేచి రెండు చేతులూ జోడించింది. "నీ కాల్మొక్త డాక్టరమ్మా, గా మాట నవ్వులాటకు గూడ అనకు. వీడు నిజంగనే జేస్తడు!"

డాక్టరమ్మ పడీ పడీ నవ్వారు. నేను నవ్వలేదు. కొన్నాళ్లంటే ఎన్నాళ్లని అడగబోయి, అమ్మ ముఖం చూసి ఆగాను.